ఒక్కడుగు బంటు

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని సామెత. నా మటుకు నేను మద్దెలను ఏనాడూ ఏమీ అనలేదు గాని, ఆరు నెలలపాటు ఒక సెల్‌ఫోనుతో చదరంగమాడి, ఓడిన ప్రతిసారీ ఆరంభపు ఎత్తుగడను తిట్టిపోశాను. ఈ ఎత్తుగడ మంచిది కాదు, రేపు ఇంకొకటి అనుకోవడం. ఆ రేపు వచ్చాక దానితోనూ ఓడిపోవడం. మా ఆవిడ వంటింట్లోంచి అంతా గమనిస్తూనే ఉండేది.

"చీరల అంగట్లో నేను పది చీరలు తీయించి చూస్తే మీకు తలనొప్పి వస్తాది గదా! ఓడిపోయేదానికి మీరు ఎన్ని రకాలు తీయించినారో లెక్క ఉండాదా?" అని ఒకనాడు అడిగేసింది.

లెక్కల మేష్టరుగా ముప్ఫైరెండేళ్లు పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న నేను ఆ లెక్కకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. అసలు సంగతి ఎత్తుగడ కాదు. అది చెప్పాలంటే ముందు మా బావను గురించి చెప్పాలి.

మాది నల్లమాడ. మొన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లా అనేవాళ్లం. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాం. జిల్లా పేరు మారిందిగాని ఆకాశం మారలేదు. ఈ ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదైనా అడిగినప్పుడు కురవదు. ఎర్రనేల, చుట్టూ బోడిగుట్టలు, వాన పడితే వేరుశనగ, పడకపోతే ఎదురుచూపు. ఇటువంటి చోట మనిషికి ఓర్పు అలవడుతుందని పెద్దలంటారు. నాకు అలవడలేదు. మా బావకు ఇద్దరికీ సరిపడా ఉండేది.

బావ అంటే మా ఆవిడకు పెద్దన్న. ఏడెకరాల మెట్టచేను ఆయనది. తొలివాన పడగానే ఊరంతా గొర్రు కడితే, ఆయన మాత్రం చేలో వేలు గుచ్చి చూసి, "ఇంకా పదును కాలేదప్పా" అని తిరిగి వచ్చేవాడు. శనగలో ఇన్నిన్ని సాళ్లకు ఒక కంది సాలు, గట్టు వెంట ఆముదం తప్పకుండా వేసేవాడు. "మొత్తం శనగే వేస్తే నాలుగు మూటలు ఎక్కువ వస్తాయి గదా" అని ఎవరైనా అంటే, "వస్తే వస్తాయి. రాకుంటే?" అనేవాడు. ఆ మాటకు జవాబు మా ఊళ్లో ఎవరి దగ్గరా లేదు.

ఆయన చదరంగమూ అటువంటిదే. ఆయన తన తాత దగ్గర నేర్చుకున్నది దేశవాళీ ఆట. అందులో బంటు మొదటిసారైనా సరే ఒక్క అడుగే వేస్తుంది. పుస్తకాల్లోని ఆటలో లాగా రెండు గళ్లు దూకదు. రాజుకు కోట కట్టడమనేది లేదు. దానికి బదులు రాజు షా పడకముందు ఒకే ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. బంటు అవతలి గట్టు చేరితే ఏ వరుసలో చేరిందో ఆ వరుస బలమే అవుతుంది. ఏనుగు వరుసలో చేరితే ఏనుగు, గుర్రం వరుసలో చేరితే గుర్రం. ఒక పాత గుడ్డమీద కుట్టిన గళ్లు, రంగు వెలిసిన చెక్క కాయలు ఆయన ఆస్తి. ఆ గుడ్డ చంకన పెట్టుకొని సాయంకాలం మా అరుగుమీదకో, వేపచెట్టు కింది రచ్చబండ మీదకో వచ్చేవాడు.

"ఏమయ్యవారూ, ఆడదామా?"

ఇరవయ్యెనిమిదేళ్లు ఆడాం. ఎక్కువసార్లు ఆయనే గెలిచాడు. ఆయన ఎత్తుగడ మారేది కాదు. మంత్రి ముందు బంటు ఒక అడుగు, రాజు ముందు బంటు ఒక అడుగు, అటూ ఇటూ గుర్రాల ముందు బంట్లు ఒక్కొక్క అడుగు. ఆ సందుల్లో శకట్లు రెండూ మూలవాటంగా చూస్తూ కూర్చునేవి. గుర్రాలు ఒకటి రాజు ముందూ, ఒకటి మంత్రి ముందూ కాపలా కాసేవి. ఇంక అక్కడినుంచి ఆయన కదిలేవాడు కాడు. నేను ఆవేశంగా మీదికి వెళ్లేవాణ్ణి. నా బలాలు ఆ కంచెకు కొట్టుకొని అలిసిపోయాక, ఆయన మెల్లగా ఒక బంటును ముందుకు జరిపేవాడు. అక్కడితో నా ఆటకట్టు మొదలయ్యేది.

ఇట్లా ఉండగా, ఒక వేసవిలో బెంగుళూరునుంచి మా మనమడు వచ్చాడు. వాడు కాలేజీ పిల్లవాడు. వస్తూ వస్తూ నాకొక చదరంగం పుస్తకం తెచ్చాడు. అందులో ఆరంభపు ఎత్తుగడలు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క చరిత్ర. నెలరోజుల్లో పుస్తకం అరిగేట్టు చదివాను. ముఖ్యంగా 'కింగ్స్ గ్యాంబిట్' అనేది నా మనసును ఆకట్టుకుంది. రెండో ఎత్తులోనే ఒక బంటును ఎరగా పడేసి, ఎదుటివాడు దాన్ని తింటూ ఉండగా మీద పడడం. నాకోసమే పుట్టించారేమో అనిపించింది. కాని బంటు రెండడుగులు దూకితేగాని ఆ ఎత్తుగడ సాగదు. బావతో ఆడే ఆటలో అది కుదరదు.

ఆ ఆషాఢంలో ఒక సాయంకాలం రచ్చబండమీద నలుగురు చూస్తూ ఉండగా ఆయన గుడ్డ పరిచాడు. నేను బంటును రెండడుగులు జరిపాను.

"అదేంది, అయ్యవారూ?"

"లోకమంతా ఇట్లాగే ఆడుతోంది బావా. ఇకనుంచి మనమూ ఇట్లాగే ఆడదాం."

"నాకు రాదు గదా."

అంతటితో ఊరుకోవచ్చును గదా! ఊరుకోలేదు. "ఎన్నాళ్లని ఈ నత్తనడక బావా? ఇది ఆట కాదు, నిద్ర. నలుగురూ నవ్వుతారు" అన్నాను. నలుగురూ ఆ మాటకే నవ్వారు.

ఆయనేమీ అనలేదు. కాయలు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. గుడ్డ నాలుగు మడతలు పెట్టాడు. "సరేలే, కలుపుతీత ఉండాది" అని లేచి వెళ్లిపోయాడు.

మరునాడు రాలేదు. వారం రాలేదు. నేనూ వెళ్లలేదు. కలుపు పనుల్లో ఉన్నాడని మా ఆవిడతో అన్నాను. నాతో నేనూ అదే చెప్పుకున్నాను. రెండు వీధుల దూరం. భాద్రపదంలో ఒక తెల్లవారుజామున గుండెలో నొప్పి అన్నారు. అనంతపురం తీసుకొనిపోతూ ఉండగా దారిలోనే అయిపోయింది.

కర్మకాండ పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను, చేయవలసినవన్నీ చేశాను. ఆ తరువాత మాత్రం ఆ గడప తొక్కలేకపోయాను. మా ఆవిడ వెళ్లి వస్తూ ఉండేది. "మీరొకతూరి రాగూడదా? వదిన అడుగుతాంది" అనేది. నేను ఏదో ఒక పని చెప్పేవాణ్ణి. పింఛనుదారుకు అంతంత పనులేముంటాయో ఆమెకు తెలియదా!

సాయంకాలం ఐదయ్యేసరికి నాకు కాళ్లు చేతులు ఆడేవి కావు. అరుగుమీద కూర్చుని వీధి వైపు చూడడం, లేవడం. దసరా సెలవులకు వచ్చిన మనమడు ఇది కనిపెట్టాడు. నా ఫోనులో ఒక చదరంగం ఆట పెట్టి, "తాతా, ఇది నిద్రపోదు, అలగదు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఆడుతుంది" అన్నాడు. అలగదు అన్న మాట వాడు ఊరికే అన్నదే. నాకు మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

ఆ ఆటలో ఎనిమిది మెట్లున్నాయి. మొదటి మెట్లలో యంత్రం కావాలనే తప్పులు చేస్తుంది, ఎక్కువ దూరం ఆలోచించదు. పైకి పోయినకొద్దీ దయాదాక్షిణ్యాలుండవు. మొదటి మూడు మెట్లూ అవలీలగా ఎక్కాను. నాలుగో మెట్టు కొంచెం కష్టపడి ఎక్కాను. ఐదో మెట్టుమీద కూలబడ్డాను.

నా కింగ్స్ గ్యాంబిట్ ప్రయోగించాను. యంత్రం నా ఎర బంటును చక్కగా తిన్నది, తిని అరిగించుకున్నది. నేను మీద పడబోతే నాకంటే ముందే నా మీద పడింది. పదిసార్లు ఆడితే పదిసార్లూ ఓటమే. ఇటాలియన్ ఆట ఆడాను, స్కాచ్ ఆడాను, సిసిలియన్ ఆడాను. ఓడిపోవడంలో దేశభేదం కనిపించలేదు.

అప్పుడు లెక్కల మేష్టరు బుద్ధి పుట్టింది. అసలు ఈ యంత్రం ఎట్లా ఆడుతుంది? మనమడిని ఫోనులో అడుగుతూ, వాడు పంపినవి చదువుతూ కొంత తెలుసుకున్నాను. మీలోనూ నావంటి వారుంటారు గనుక ఆ నాలుగు ముక్కలూ చెబుతాను.

చదరంగంలో మొదటి ఎత్తు వేయడానికి తెల్లకాయలవానికి ఇరవై దారులున్నాయి. బంట్లతో పదహారు, గుర్రాలతో నాలుగు. నల్లకాయలవానికీ ఇరవైయే. అంటే ఒక్కొక్క ఎత్తు వేసేసరికే నాలుగువందల రకాలు. ఇద్దరూ రెండేసి ఎత్తులు వేసేసరికి 1,97,281 దారులవుతాయి. అమెరికాలో క్లాడ్ షానన్ అనే గణితవేత్త 1950లోనే ఒక వ్యాసం రాసి, యంత్రం చదరంగమాడడానికి రెండు పద్ధతులున్నాయన్నాడు: దారులన్నీ కొంతదూరం వెతికి చూడడం ఒకటి, పనికివచ్చేవనిపించిన కొన్నిటినే ఎంచుకొని లోతుగా చూడడం రెండోది. మనిషి చేసేది రెండోది. యంత్రానికి అలుపు లేదు గనుక మొదటిది సులువు. 1997లో గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం వారి డీప్ బ్లూ సెకనుకు ఇరవై కోట్ల స్థితులు చూడగలిగేది.

కాబట్టి బలాలన్నీ ఎదురెదురుగా నిలిచి, దారులన్నీ తెరుచుకొని, ఒక్క తప్పుతో ఆట ముగిసే తెరపి ఆటలో యంత్రానిదే పైచేయి. అక్కడ లెక్క ముఖ్యం. లెక్కలో దానితో నేను పోటీపడడమంటే రైలుతో పందెం పరుగెత్తడమే. నేను ఇన్నాళ్లుగా చేసింది సరిగ్గా అదే! దానికి బలమైన చోటు చూసి, అక్కడికే పోయి కుస్తీ పట్టాను.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పేరున్న ఎత్తుగడలన్నీ అటువంటి యంత్రాలకు ముందే కంఠస్థం చేయించి పెడతారు. నేను నెలరోజులు కళ్లు కాయలు కాచేలా చదివిన పుస్తకం దానికి పుట్టుకతోనే వచ్చునన్నమాట.

మరి గొప్పవాళ్లు ఏం చేశారు? అది చదువుతూంటే ఒక రాత్రి నిద్ర పట్టలేదు. 2002లో బహ్రెయిన్‌లో వ్లాదిమిర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే యంత్రంతో ఎనిమిది ఆటలు ఆడాడు. మంత్రులను త్వరగా మార్చుకొని, హడావుడి లేని స్థితులు తెచ్చుకొని, మొదటి నాలుగు ఆటలయ్యేసరికి 3-1తో ముందున్నాడు. తరువాత ఒక ఆట పొరపాటున పోయింది. ఆ మరుసటి ఆటలో అందమైన గుర్రపు బలి ఒకటి ఇచ్చి, తెరపి ఆటకు దిగి, అదీ పోగొట్టుకున్నాడు. చివరికి 4-4 సమమైంది. అంతటివాడు కూడా ఆవేశపడ్డాడని తెలిసి నాకు కొంత ఓదార్పు కలిగిన మాట దాచను.

1997 మే నెలలో న్యూయార్కులో జరిగిన కాస్పరోవ్, డీప్ బ్లూ పోటీ లోకవిదితమే. ఆరో ఆటలో కాస్పరోవ్ తనకు రోజూ అలవాటు లేని కారో-కాన్ రక్షణకు దిగాడు. యంత్రం గుర్రాన్ని బలి ఇచ్చింది. పందొమ్మిదో ఎత్తుకల్లా ప్రపంచ చాంపియన్ ఓటమి ఒప్పుకున్నాడు. మొత్తం పోటీ 3½-2½తో యంత్రానిదైంది. మనకు తెలియని ఇంట్లోకి పోయి చీకట్లో తడుముకోవడం ఎంత ప్రమాదమో దానివల్ల తెలుస్తుంది.

కాని నన్ను నిద్రపోనివ్వనిది ఆ ఆరో ఆట కాదు. మూడో ఆట. అందులో తెల్లకాయలు కాస్పరోవ్‌వి. యంత్రానికి కంఠస్థమైన దారులనుంచి దాన్ని పక్కకు తప్పించాలని ఆయన మొదటి ఎత్తు ఏం వేశాడో తెలుసునా? మంత్రి ముందు బంటును తీసి, ఒక్క అడుగు ముందుకు జరిపాడు.

ఒక్కటంటే ఒక్క అడుగు!

ఫోను పక్కన పెట్టేశాను. అది మా బావ మొదటి ఎత్తు. ఇరవయ్యెనిమిదేళ్లు రోజూ సాయంకాలం నా ఎదురుగా జరిగిన ఎత్తు. ప్రపంచ చాంపియన్ యంత్రంమీద ఆడితే వ్యూహమైంది. మా బావ రచ్చబండమీద ఆడితే నేను నత్తనడక అన్నాను. ఆ మూడో ఆట డ్రా అయిందట.

తవ్వినకొద్దీ ఇంకా బయటపడ్డాయి. బంట్లన్నిటినీ ఒక్కొక్క అడుగు జరిపి, శకట్లను మూలవాటంగా పెట్టి, గుర్రాలను రాజు, మంత్రుల ముందు నిలిపే ఆ కంచెకు ఒక పేరుంది: 'హిప్పోపొటమస్', అనగా నీటిగుర్రం. ముక్కూ కళ్లూ మాత్రం పైకి పెట్టి నీళ్లలో మునిగి ఉంటుంది గదా, అందుకేనేమో ఆ పేరు. 1966లో మాస్కోలో ప్రపంచ చాంపియన్ పదవికోసం పెట్రోస్యాన్‌తో ఆడుతూ స్పాస్కీ నల్లకాయలతో రెండు ఆటల్లో ఆ కంచెనే కట్టాడు. రెండూ డ్రాలే.

అంతకంటే ముందటి మాట ఇంకొకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే బారిస్టరు ఉండేవాడు, చదరంగంలో ఘనుడు. ఆయనకు మహేశచంద్ర బెనర్జీ అనే బెంగాలీ పల్లెటూరి బ్రాహ్మణుడు తారసపడ్డాడు. ఒక్కడుగు బంట్ల దేశవాళీ ఆటలో పెరిగిన మనిషి. దొరల ఆట నేర్చుకున్నాక కూడా చేతి అలవాటు పోక, బంట్లను ఒక్కొక్క అడుగు జరిపి శకట్లను మూలన కూర్చోబెట్టేవాడు. కాక్రేన్‌తో ఆయన ఆడిన ఆటలు ఇంగ్లండు పత్రికల్లో అచ్చయ్యాయి. ఈనాడు లోకమంతా ఆడే 'కింగ్స్ ఇండియన్' వంటి ఎత్తుగడలకు ఇండియా పేరు ఆ ఆటలనుబట్టే వచ్చిందని చరిత్ర రాసినవాళ్లంటారు. అంటే నేను నలుగురిలో నవ్వులపాలు చేసింది మా బావ ఒక్కణ్ణే కాదన్నమాట.

శివరాత్రి జాగరణకు ఊరంతా గుళ్లో ఉంది. నేను అరుగుమీద ఫోను ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఐదో మెట్టు. మంత్రి బంటు ఒక అడుగు. రాజు బంటు ఒక అడుగు. చెయ్యి తనంతట తాను పోయింది. యంత్రం నడుమనంతా ఆక్రమించుకొని, మూడు బంట్లను నిటారుగా నిలిపి, ఇంక నేను వస్తానని చూసింది. నేను పోలేదు. అది ఏనుగును ఇటు జరిపింది, మళ్లీ అటు జరిపింది. నేను రాజును ఒక గడి జరిపాను, మళ్లీ వెనక్కు తెచ్చాను.

ఇక్కడ యంత్రానికి ఒక బలహీనత ఉంది. అది తాను చూడగలిగిన మేరలో ఏదీ కనబడకపోతే, ఆ అవతల ఏదీ లేదనే భావిస్తుంది. అమెరికాలో హాన్స్ బెర్లినర్ అనే ఆయన 1970లలో దీన్ని దిగంత దోషమన్నాడు. మనకు ఆకాశం నేలను తాకినట్టు కనిపించేచోట లోకం ముగిసిందనుకోవడం వంటిదే. మూసుకుపోయిన ఆటలో ఫలితం ఇరవై ఎత్తుల తరువాత గాని కనిపించదు. కింది మెట్లలోని యంత్రం అంతదూరం చూడదు. మా బావ ఆషాఢంలో మాఘమాసాన్ని చూసేవాడు.

ఇదేదో యంత్రాన్ని జయించే తారకమంత్రమని మీరనుకోవద్దు. ఎనిమిదో మెట్టు మీద ఈ నీటిగుర్రాన్ని అది ఒడ్డుకీడ్చి మరీ చంపింది. పైగా ఈ రోజుల్లో పై తరగతి యంత్రాల పద్ధతే వేరు. 2017లో ఆల్ఫాజీరో అనేది పుస్తకాల పని లేకుండా, ఆట నియమాలు మాత్రమే తెలిసి, తనతో తానే లక్షల ఆటలాడి నేర్చుకొంది. 2020లో స్టాక్‌ఫిష్ కూడా అటువంటి నేర్పును తనలో కలుపుకొంది. మూసిన ఆటైనా తెరచిన ఆటైనా వాటికి ఒకటే. కాబట్టి నావంటివాడు ఎత్తుగడ ఎంచుకోవలసింది యంత్రాన్ని మోసగించడానికి కాదు. తనకు తెలిసిన నేలమీద, తనకు తెలిసిన సాళ్లలో నిలబడడానికి. ఓడినా ఎందుకు ఓడామో అర్థమయ్యే చోట ఓడాలి.

ఆ శివరాత్రి ఆట తెల్లవారుజామున రెండు గంటలకు ముగిసింది. డెబ్బయ్యొక్క ఎత్తులు. యంత్రం ఏనుగును మూడోసారి అదే గడికి తెచ్చేసరికి, ఒకే స్థితి మూడుసార్లు వచ్చినందువల్ల ఆట డ్రా అని ఫోను మీద రాసింది. గెలుపు కాదు. అయినా ఐదో మెట్టు మీద నేను ఓడకుండా లేచిన మొదటి ఆట అది.

"చూసినావా బావా!" అని తల ఎత్తాను.

ఎదురుగా అరుగు ఖాళీగా ఉంది. చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఎంచి ఎంచి మార్చినవి ఎత్తుగడలు కావు, ఆ ఖాళీ చోటును చూడకుండా ఉండేందుకు నేను వెతుక్కున్న సాకులని అప్పటికి తెలిసింది.

ఉగాది నాడు మా ఆవిడ ఓళిగలు చేసి డబ్బాలో పెట్టి, "వదినకు ఇచ్చి వస్తా" అన్నది. "నేనిస్తాను, ఇటు తే" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, మాట్లాడకుండా డబ్బా నా చేతికిచ్చింది.

అక్క వసారాలో శనగకాయలు వలుస్తోంది. నన్ను చూసి చాప వేసింది. "రా నాయనా. దోవ తెలిసిందా?" అన్నది. అంతకంటే కోప్పడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక డబ్బా పక్కన పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. రచ్చబండమీద అన్న మాట, వెళ్లలేకపోవడం, అన్నీ. "ఆయన నామీద కోపంతోనే పోయినాడక్కా" అన్నాను.

అక్క వలవడం ఆపింది. "కోపమా? ఎవరు చెప్పినారు?" అని లోపలికి చూసి, "ఒరే, ఆ గుడ్డ తేరా!" అని మనమణ్ణి పిలిచింది.

పదేళ్ల పిల్లవాడు. మడతపెట్టిన గుడ్డ, కాయల సంచి తెచ్చి చాపమీద పెట్టాడు. వాడి అట్ట పెట్టెలో పత్రికనుంచి కత్తిరించిన బొమ్మ ఒకటి ఉంది. 2024 డిసెంబరులో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియనైన మన గుకేశ్ బొమ్మ, మద్రాసులో స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లవాడు. "ఆయన చిన్నప్పుడు కంప్యూటరు చూడకుండానే నేర్చుకున్నాడంట తాతా!" అన్నాడు వాడు నాకు తెలియదేమోనని.

"అది సరేగాని, తాత నీ దగ్గర ఏం నేర్చుకునె? అయ్యవారికి చెప్పు" అంది అక్క.

వాడు గుడ్డ పరిచి కాయలు పేర్చాడు. రాజు ముందు బంటును పట్టుకొని రెండడుగులు దూకించాడు. "ఇది. బడిలో మాకు నేర్పిస్తారు గదా. తాతకు నేనే నేర్పించినా. ఫస్టు తాతకు అస్సలు రాలేదు. కోట కట్టేది మరిచిపోతాండె. రోజూ కలుపు తీసి వచ్చినంక, అన్నం తిని కూచుంటాండె. 'బాగా వచ్చినంక పోతాను. మళ్లా అయ్యవారు నలుగురిలో నవ్వకూడదు' అంటాండె."

చెయ్యి గుడ్డమీద పెట్టాను. ఎత్తలేకపోయాను.

ఆయన డెబ్బైయేళ్ల వయసులో నాకోసం రెండడుగుల ఆట నేర్చుకుంటున్నాడు. నేను ఆయన పోయిన తరువాత ఒక్కడుగు ఆట నేర్చుకున్నాను. రెండు వీధుల దూరంలో ఇద్దరం చెరొక గుడ్డ ముందు కూర్చున్నాం. వీధి దాటడానికి ఎవరు ముందు కదలాలనేదే మా ఎత్తుగడ. అందులో తప్పు నాది. కదలకుండా ఉండడం ఓర్పు అని ఆ నీటిగుర్రం దగ్గర నేర్చుకున్నాను గాని, కదలవలసినప్పుడు ఒక్క అడుగైనా వేయాలన్నది మా బావ ఆటలో రెండో సగం. ఆ సగం నేను చూడనేలేదు.

"ఆడతావా తాతా?" అన్నాడు పిల్లవాడు.

"నీ ఆటా, మీ తాత ఆటా?"

వాడు కాసేపు ఆలోచించాడు. "ఒకటి అది, ఒకటి ఇది" అన్నాడు.

అప్పటినుంచి సాయంకాలాలు అట్లాగే జరుగుతున్నాయి. ఒక ఆట ఒక్కడుగు, ఒక ఆట రెండడుగులు. వాడు రెండడుగుల ఆటలో నన్ను ఓడిస్తున్నాడు; ఒక్కడుగు ఆటలో కూడా త్వరలో ఓడిస్తాడు. చెయ్యి అచ్చం వాళ్ల తాతదే, తొందరపడదు. ఫోను మా మనమడు వచ్చినప్పుడు తప్ప తీయడం లేదు. ఐదో మెట్టు మీదే ఉంది, ఉండనీ.

మొన్న మా ఆవిడ అడిగింది: "ఈమధ్య ఎత్తుగడను తిట్టడం లేదే?"

"ఎదురుగా మనిషి ఉన్నాడు గదా, తిడితే బాగుండదు" అన్నాను.

ఆమె నవ్వి, ఇద్దరికీ చెరొక గ్లాసు మజ్జిగ తెచ్చి అరుగుమీద పెట్టింది. పిల్లవాడు గ్లాసును చూడనుకూడా లేదు. మంత్రి ముందు బంటుమీద వేలు పెట్టి, ఇంకా ఆలోచిస్తున్నాడు.